వరుసలో చివరి పావుకోళ్లు

నాగలింగానికి ఆ ఏడు ఒకటే దిగులు పట్టుకుంది. గురువుగారు పర్వతయ్య రోజురోజుకీ చిక్కిపోతున్నారు. పెట్టిన ముద్ద విస్తట్లోనే మిగులుతోంది. పలకరిస్తే ఊఁ అంటారు, అంతే. వైద్యుడు నాడి చూసి జబ్బేమీ లేదు పొమ్మన్నాడు. జబ్బు లేని మనిషి ఎందుకిలా వాడిపోతున్నాడో నాగలింగానికి అంతుపట్టలేదు. తనేం తక్కువ చేశాడని? అదీ అతని బాధ.

పెన్న ఒడ్డున వాళ్లది చిన్న మఠం. వచ్చినవాళ్లకి ఇంత అన్నం పెట్టి పంపడం అక్కడి ఆచారం. పర్వతయ్యగారు పీఠం మీద ఉన్న రోజుల్లో కూడా తెల్లవారకముందే లేచి, మోదుగాకులు ముందేసుకుని ఈనెపుల్లలతో విస్తళ్లు కుట్టేవారు. వేదాంతం అడగడానికి వచ్చినవాడైనా సరే, ఎదురుగా కూర్చుని నాలుగాకులు కుట్టాల్సిందే. వయసు మీదపడి, ఒకసారి మెట్ల మీద తూలిపడ్డాక, పీఠం నాగలింగానికి అప్పగించి పక్కకు తప్పుకున్నారు.

పీఠమిచ్చిన మనిషిని పువ్వుల్లో పెట్టి చూసుకోవాలని నాగలింగం ఆ రోజే నిశ్చయించుకున్నాడు. చూసుకున్నాడు కూడా. మెత్తటి పరుపు వేయించాడు. విసరడానికి ఒకణ్ణి, కాళ్లు పిసకడానికి ఒకణ్ణి పెట్టాడు. పూచికపుల్ల ఎత్తనివ్వలేదు. గురుసేవంటే నాగలింగయ్యదేనని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అతనికి కడుపు నిండిపోయేది. అలా పొంగిపోవడం తప్పని తెలుసు. తెలిసీ ఇంకోసారి వినాలనిపించేది.

ఒకనాడు గురువుగారు ఎవరి కంటా పడకుండా వంటసాల వెనక కూర్చుని ఆకులు కుడుతూ దొరికిపోయారు. నాగలింగం భక్తులందరి ముందూ ఆయన చేతిలో ఆకు లాక్కుని, "మేమంతా చచ్చామా స్వామీ?" అని పసివాణ్ణి మందలించినట్టు ముద్దుగా కోప్పడ్డాడు. అందరూ నవ్వారు. పర్వతయ్యగారు నవ్వలేదు. వేళ్ల మధ్య మిగిలిన ఈనెపుల్లని నేలమీద పెట్టి, నాగలింగం చెయ్యందిస్తే లేచి, పరుపు మీదికి వెళ్లిపోయారు.

ఆయన తిండి తగ్గింది అప్పటినుంచే. ఇంకో సంగతి కూడా ఉంది, అది నాగలింగం పైకి చెప్పేవాడు కాదు. ఆయన కుట్టడం మానేశాక మఠంలో విస్తళ్లు నాగలింగమే కుడుతున్నాడు, అవి కారడం మొదలైంది. పప్పు నేలపాలు, చారు పంచెలపాలు. ఈ ఏడు ఆకు మంచిది రాలేదని వచ్చినవాళ్లకి సర్దిచెప్పేవాడు.

చివరికి ఒక సాయంత్రం గురువుగారి పక్కన చతికిలబడి అడిగేశాడు. "ఏం లోటు జరుగుతోంది స్వామీ? చెప్తేగదా తెలిసేది."

"లోటేముంది నాయనా. అన్నీ బాగానే జరిపిస్తున్నావు," అన్నారు పర్వతయ్యగారు.

మఠంలో పొద్దున్నే మొదటి పూజ పావుకోళ్లకి. శివైక్యమైన గురువుల పావుకోళ్లన్నీ ఒక కొయ్యపీట మీద వరుసగా ఉంటాయి. ఒక్కో జతకీ విభూతి పెట్టి, పువ్వు వేసి, ఆ గురువు పేరు చెప్పి దండం పెట్టాలి. నాగలింగానికి అది చేతికి అలవాటైన పని. మర్నాడు కూడా అలాగే ఒక్కొక్క జతే పూజించుకుంటూ వరుస చివరికి వచ్చాడు. విభూతి పెట్టాడు, గన్నేరుపూలు వేశాడు, పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పాల్సిన పేర్లన్నీ అయిపోయాయి.

అప్పుడు కిందికి చూశాడు. ఎడమదాని మడమ దగ్గర పగులు, దానికి చుట్టిన రాగితీగ. ఆ తీగ చుట్టింది తనే.

వెనక్కి తిరిగాడు. భక్తుల వెనగ్గా పర్వతయ్యగారు ఒట్టి కాళ్లతో నిలబడి, అందరిలాగే పీటకేసి చేతులు జోడించి ఉన్నారు.

నాగలింగానికి తల కొట్టేసినట్టయింది. లాక్కున్న ఆకు గుర్తొచ్చింది. ఆనాటి నవ్వులు గుర్తొచ్చాయి. ఊళ్లవాళ్లు మెచ్చుకున్న మాటల్ని ఒంటరిగా కూర్చుని నెమరేసుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ జతని రెండు చేతులా ఎత్తుకుని ఆయన దగ్గరికి నడిచాడు.

"ఇదేం పని స్వామీ. మీరు ఉండగానే..."

"ఉన్నానా నాయనా?" అన్నారు పర్వతయ్యగారు. ఆ గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగారు.

నాగలింగం పావుకోళ్లు ఆయన పాదాల ముందు పెట్టి, పూజ ఎక్కడిదక్కడ వదిలేసి లోపలికి వెళ్లాడు. మోదుగాకుల కట్ట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చి, ఆనాడు నవ్విన వాళ్లంతా చూస్తుండగా గురువుగారి ముందు దించాడు. దించినవాడు తల ఎత్తలేకపోయాడు.

"విస్తళ్లు కారుతున్నాయి స్వామీ," అన్నాడు. "ఆకుది తప్పు కాదు. నాకే కుట్టడం సరిగ్గా రాదు."

పర్వతయ్యగారు వంగి కట్టలోంచి ఒక ఆకు లాగారు. వెలుతురుకి పట్టి చూశారు, వేలితో రుద్ది చూశారు. తడపకుండా కుడితే కారక ఏమవుతుందని గొణుక్కుంటూ వంటసాల వైపు వెళ్లబోయి, ఎదురుగా ఉన్న పావుకోళ్లని చూసి ఆగారు.

"ముందు ఆ పూలు తీసెయ్ నాయనా," అన్నారు. "నడవాలి."