మంత్రిగారి గొంతు మీద సున్నపు గీత

కందికొండ రాజుగారికి ఆ పూట ఒక గీత మీదికి మనసు పోయింది.

సంగతేమిటంటే, పొరుగు రాజ్యంలో కరువొచ్చి, అరవై నేతగాళ్ళ కుటుంబాలు మగ్గాలు విప్పి మోసుకుంటూ కోటగుమ్మం ముందుకొచ్చి కూర్చున్నాయి. రానివ్వాలా వద్దా అని సభలో మూడు రోజులుగా ఒకటే వాదన. ఊళ్ళో నీళ్ళు తక్కువ కదా అని రాజుగారంటే, ఆస్థానకవి అది జాతిద్వేషమన్నాడు. మంత్రి భుజంగరావేమో వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టి, తనది వట్టి విమర్శేనన్నాడు. రాజుగారికి బుర్ర వేడెక్కిపోయింది.

"విమర్శ ఎక్కడ ఆగుతుందో, ద్వేషం ఎక్కడ మొదలవుతుందో ఎవరైనా గీత గీసి చూపించండి. నా భోజనం వేళ లోపల చూపిస్తే తలుపులు తీయిస్తాను. లేదంటే వాళ్ళు వచ్చిన దారినే పోతారు" అన్నారు.

పండితులు గడ్డాలు నిమురుకున్నారు. ఒకాయన గీత కంటికి కనపడదన్నాడు. ఇంకొకాయన ఆరునెలలు గడువడిగాడు. గుమ్మం బయట పసివాళ్ళు ఆకలికి ఏడుస్తుంటే వీళ్ళకి ఆరునెలలు కావాలిట. వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు రాజుగారికి తాంబూలం అందించే గవరయ్య, చుడుతున్న ఆకు పక్కన పెట్టి, వేలికి సున్నంతోనే లేచాడు. మంత్రిగారి విమర్శ ఇంకోసారి వింటానన్నాడు.

మంత్రి హుషారుగా అందుకున్నాడు. వలసవాళ్ళు ఎక్కువైతే బావి చాలదన్నాడు. వాళ్ళు పుట్టుకతోనే దొంగలన్నాడు. వాళ్ళ మాట కప్పల బెకబెక అని కూడా అన్నాడు.

"బాగుంది. ఇప్పుడు వలసవాళ్ళు అన్నచోట ఇల్లరికపు అల్లుళ్ళు అని పెట్టి, ఇదే చెప్పండి" అన్నాడు గవరయ్య.

సభలో ఎవరో దగ్గారు. భుజంగరావు ఇరవయ్యేళ్ళ కిందట ఏరు దాటి వచ్చి, ఈ ఊళ్ళో ఇల్లరికం ఉన్నవాడే. ఆయన అత్తగారు రాణిగారి పక్కన తెర వెనకే కూర్చుని ఉంది.

మంత్రి జంకలేదు. "ఇల్లరికపు అల్లుళ్ళు ఎక్కువైతే బావి చాలదు" అన్నాడు. నిజమే, చాలదు మరి అని అందరూ తలూపారు.

"ఇల్లరికపు అల్లుళ్ళు పుట్టుకతోనే దొ..."

గొంతు పట్టేసింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ 'దొ' దగ్గరే ఆగింది.

"ఇదెక్కడి న్యాయమయ్యా? అల్లుళ్ళందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?" అన్నాడు చివరికి.

గవరయ్య దగ్గరికెళ్ళి, సున్నం వేలితో ఆయన గొంతు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఇదే ప్రభూ, తమరడిగిన గీత. నీళ్ళ మాట దీన్ని దాటొచ్చింది. దొంగల మాట దాటలేకపోయింది."

తెర వెనక నుంచి అత్తగారి గొంతు నెమ్మదిగా వినిపించింది.

"ఆపారేం అల్లుడుగారూ? వింటూనే ఉన్నాను, కానివ్వండి."

సభ గొల్లుమంది. తనది విమర్శేనని తేలినందుకు రాజుగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, తలుపులు బార్లా తీయించారు. కొత్త బావి పడేదాకా ఊళ్ళో ఎవరికైనా సరే, రోజుకి స్నానానికి రెండు చెంబులేనని చాటింపు వేయించారు. గవరయ్యకి వెండి సున్నపుకాయ బహుమతిచ్చారు.

మంత్రిగారి వాటా రెండు చెంబులూ ఆ పూట గొంతు కడుక్కోవడానికే అయిపోయాయి.