శాస్త్రిగారి భుజం మీద తేలు

ఒక మన్నెపు రాజావారికి ఇంగ్లీషు నేర్పడానికి పట్నం నుంచి భైరవశాస్త్రి వచ్చాడు. ఏ క్రియ వెనక ‘టు’ రావాలో, ఏ క్రియ వెనక ‘ఇంగ్’ రావాలో సూత్రం వల్లించాకే నోరు తెరవాలన్నాడు. ఆ దెబ్బకి రాజావారి నోరు పూర్తిగా మూతపడింది. తెల్లారితే ఇంగ్లీషు దొర వస్తాడు, శిస్తు తగ్గించమని అడగాలి.

“సూత్రం లేనిదే మాట పుట్టదు. తమరు ఊరుకోండి, దొరతో నేనే మాట్లాడతాను,” అన్నాడు శాస్త్రి.

పంకా లాగుతున్న మోదకొండయ్య ఉన్నట్టుండి అరిచాడు. “బాబూ, మీ భుజం మీద తేలు!”

శాస్త్రి గంతేశాడు. “దులపండ్రా! చూస్తూ నిలబడతారేం? నన్ను కుట్టనిస్తారా?”

తేలూ లేదు, గీలూ లేదు.

“ఇన్ని మాటలకి ఏ సూత్రాలు వల్లించారు బాబూ?” అన్నాడు మోదకొండయ్య.

“ఒరేయ్, అది తెలుగు! పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నాను!”

“మొదట్నుంచీ తప్పుల్లేకుండానే మాట్లాడారా? తప్పు పలికితే మీ అమ్మగారు నోరు మూయించారా, ముద్దు పెట్టుకున్నారా?”

శాస్త్రి ఇంకా భుజం దులుపుకుంటూనే ఉన్నాడు. రాజావారు మాత్రం నిధి దొరికినవాడిలా పెదాలు తడుముకుంటూ, “సూత్రం లేకుండానే మాట పుట్టే వింత మన నోట్లోనే ఉందా!” అన్నారు.

మర్నాడు ఆయన దొరతో వచ్చీరాని ఇంగ్లీషులోనే చాలాసేపు మాట్లాడారు. తప్పులు బోలెడు దొర్లాయి. శిస్తు మాత్రం సగానికి తగ్గింది.