రుజువుబండ మాత గుడి

రుజువుబండకు ఎండాకాలంలో వచ్చే యాత్రికులు చెప్పులు విడిచే ముందు కాస్త ఆలోచించుకోవాలి, అరికాళ్లు కాలిపోతాయి. గుడి చిన్నది. దాని ముందున్న నల్లబండే పెద్దది. ఆ బండ మీది గుంటను మరియమాత పాదముద్ర అని నమ్మబలికి కొబ్బరికాయలు అమ్మేవారున్నారు. నేను వంగి మరీ చూశాను. వాన నీళ్లు నిలిచే గుంట అది, మరేమీ కాదు. పేరు వెనక ఉన్న కథ వేరు.

పూర్వం ఇక్కడ తాటాకు కప్పిన పూజశాల ఒకటి ఉండేది. పూజ చేసే గురువులు ఎప్పుడో గాని వచ్చేవారు కారు. ఉపదేశి జోజప్ప జపాలు చెప్పించి, అపోస్తలుల లేఖలు చదివి వినిపించేవాడు. ఆ రోజుల్లో ఆరోగ్యమ్మ అనే పడుచు పెళ్లైన ఏడాదికే భర్తను పోగొట్టుకుంది. ఇన్నయ్య అనే కుర్రవాడు ఆమెను మనువాడతానన్నాడు. అతని తల్లి రాయపమ్మకు ఇది బొత్తిగా గిట్టలేదు. రాయపమ్మ అనుమానాల పుట్ట. పాలవాడి ఎదుటే చెంబులో వేలు ముంచి చూసే మనిషి. ఆరోగ్యమ్మ తన కొడుక్కి మందు పెట్టిందని కూడా అనుమానమే.

పెళ్లి చాటింపు అయ్యాక శౌరయ్య అనే పరదేశి ఒకడు వచ్చాడు. ఆదిసంఘపు పితరుల, అంటే అపోస్తలుల తర్వాతి తొలినాటి బోధకుల, రాతలు తన దగ్గరున్నాయన్నాడు. ఈ నల్లబండ మీదికెక్కి, మారుమనువాడిన స్త్రీకి పూజలో పంచే సత్ప్రసాదం ఇవ్వరాదని ఒక పితరుడు రాశాడని చదివాడు. అపోస్తలుడైన పౌలుగారి మాటను పట్టుకునే అలా రాశాడని కూడా చెప్పాడు. పెళ్లో, ప్రసాదమో, ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చేసరికి ఆరోగ్యమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

రాయపమ్మ సంబరపడాలి కదా! పడలేదు. ఆమెకు పరదేశి మీద అనుమానం పుట్టింది.

“అయ్యా, పౌలుగారి మాటంటున్నావు. ఆయన లేఖ విప్పకుండా చెబుతావేం?”

“పితరులు అబద్ధం రాస్తారా తల్లీ?”

“నాకేం తెలుసు? జోజప్పా, తియ్యవయ్యా నీ పుస్తకం.”

జోజప్ప కూడా అదే సబబన్నాడు. అపోస్తలుల వెనక వచ్చిన పితరులు వారి లేఖల ఆధారంతోనే బోధించేవారనీ, వారిలో ఒకరు కొరింతు సంఘానికి రాస్తూ, పౌలుగారి లేఖను చేతిలోకి తీసుకొని చూడమన్నారనీ చెప్పాడు. లేఖ విప్పారు. భర్త పోయిన స్త్రీ అలాగే ఉండిపోతే మరింత ధన్యురాలన్న మాట నిజంగానే ఉంది. శౌరయ్య ముఖం వెలిగింది.

“దాని పైన ఏముంది?” అంది రాయపమ్మ.

భర్త చనిపోతే, ప్రభువునందు తనకిష్టమైన వాణ్ణి ఆమె పెళ్లాడవచ్చునని ఉంది. పౌలుగారు సలహాగా చెప్పినదాన్ని ఆ పితరుడు శిక్షగా మార్చాడు, పైమాట వదిలేశాడు.

రాయపమ్మ నెత్తి కొట్టుకుంది. “నా నోరే నా కొంప ముంచింది!” అని పైకే అనేసింది. అయినా వెళ్లి ఆరోగ్యమ్మ రెక్క పట్టుకుంది. “లేవే. పౌలుగారు ఒప్పుకున్నాక కాదనడానికి నేనెవతెను?”

నేటికీ ఈ బండ మీద ప్రసంగించేవారు, గురువులందరికీ పెద్దైన మేత్రాణులవారైనా సరే, తాము చెప్పేదానికి లేఖలో ఆధారం చూపాలి, దాని పైమాటా చదవాలి. మారుమనువాడే స్త్రీలు దూరాల నుంచి ఇక్కడికి వచ్చి పెళ్లాడతారు. కొత్త అత్తే కోడలిని చెయ్యి పట్టుకొని సత్ప్రసాదానికి నడిపిస్తుంది. అలా నడిచిన కాపురాలన్నీ చల్లగా ఉంటాయని ఇక్కడివారు చెబుతారు. అన్నీనా? నాకు అనుమానమే. కానీ మొన్నటి ఉత్సవంలో, పెళ్లికి రానని మొండికేసిన ఒక అత్త కోడలి చెయ్యి పట్టుకొని, చివరిదాకా వెక్కివెక్కి ఏడుస్తూ నడిచింది. చెయ్యి మాత్రం వదల్లేదు. అది నేను కళ్లారా చూశాను.