ఆప్షన్లు చింపిన కాగితం

శాంభవికి యూనివర్సిటీలో మ్యాథ్స్ ఆనర్స్ సీటు వచ్చింది. సీటుతో పాటు చిక్కొకటి వచ్చిపడింది. పునాదులు చెప్పే మొదటి క్లాసులో కూర్చుంటావా, అది వదిలేసి నేరుగా రెండోదానికి వెళ్తావా, నువ్వే తేల్చుకో అన్నారు వాళ్లు. తేల్చుకోవడానికి ముప్పై లెక్కల పేపరు పంపారు. ఇంట్లోనే చేసుకోవాలి, తనే దిద్దుకోవాలి. ఏ క్లాసో టిక్కు పెట్టి, ఆ సాయంత్రంలోగా ఫారం మాత్రం పంపాలి. రెండో క్లాసులో కూర్చుని మొదటి టర్మ్ తప్పితే మ్యాథ్స్ సీటే పోతుంది, వేరే సబ్జెక్టులోకి మార్చేస్తారు.

ఆ పిల్లకి మ్యాథ్స్ తప్ప ఇంకేదీ గిట్టదు. అయినా మొదటి క్లాసంటే నామోషీ. కోచింగులో తనతో చదివినవాళ్లంతా రెండోదానికే టిక్కు పెట్టారు మరి.

పేపరు పట్టుకుని జిలానీ సారు దగ్గరికి వెళ్లింది. నంద్యాలలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఐదు పూటలా నమాజు, మధ్యలో చాయ్, మాటలు మాత్రం బహు పొదుపు. ఏం తోచకపోయినా శాంభవికి ఆయన అరుగే దిక్కు.

"ముప్పైకి ఇరవై ఎనిమిది సార్. అరగంట కూడా పట్టలేదు. రెండోదానికి పెట్టేయనా?"

"ఎట్లా చేసినావు?"

శాంభవి హుషారుగా చెప్పుకొచ్చింది. ఇంటిగ్రేషన్ వస్తే నాలుగు ఆప్షన్లనూ డిఫరెన్షియేట్ చేసి చూస్తే సరి, ఏది కలిస్తే అదే జవాబు. ఎక్స్ ఉంటే ఒకటో సున్నానో పెట్టి, కుదరనివి కొట్టేయడం. రెండేళ్లు అదే పని చేసిందేమో, చెయ్యి దానంతటదే పోతుంది.

సారు అంతా విన్నారు. "ఖాళీ పేపరు ఇంకొకటి ఉందా?"

జెరాక్సు షాపులో ముందుచూపుతో రెండు తీయించింది. ఇచ్చింది. ఆయన స్కేలు ఆనించి, కుడిపక్కన వరసగా ఉన్న ఆప్షన్లన్నీ నిలువునా చింపేశారు. చింపిన ముక్కను నాలుగు మడతలు పెట్టి, ఊగులాడుతున్న స్టూలు కాలి కింద దోపారు. స్టూలు కుదురుకుంది. మిగిలిన కాగితం దాని మీద పెట్టి, "చెయ్యి తల్లీ" అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయారు.

ఆరు లెక్కలు బాగానే నడిచాయి. ఏడోదాని దగ్గర బండి ఆగింది. 1 + 1/4 + 1/9 + 1/16... ఇలా ఎన్ని కలిపినా, ఇచ్చినవాటిలో దాటని సంఖ్య ఏది?

జవాబు రెండని ఆమెకు గుర్తే. పొద్దున వరసలో మొదటి ఏడు సంఖ్యలు కలిపితే ఒకటిన్నర దాటింది. ఆప్షన్లలో అంతకన్నా పెద్దది రెండొక్కటే, టిక్కు పెట్టేసింది. ఇప్పుడు కొట్టేయడానికేమీ లేవు. వెయ్యి కలిపినా, లక్ష కలిపినా రెండు దాటదని ఎట్లా చెప్పాలి?

సారు తెచ్చిచ్చిన చాయ్ చల్లారిపోయింది. కాగితం నిండా కొట్టివేతలే. ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్లి తిరిగొచ్చేసరికి కూడా ఆమె ఏడోదాని మీదే ఉంది.

"రెండు ఎందుకు దాటదు సార్?" అంది నీరసంగా.

సారు ఏడో లెక్క మీద వేలు పెట్టారు. "ఇది ఏ క్లాసులో చెప్తారంట?"

ఫోనులో సిలబస్ చూసింది. మొదటి క్లాసు, రెండో వారం. రెండో క్లాసుకు వచ్చేవాళ్లకు ఇది ముందే వచ్చి ఉండాలని కింద రాశారు.

శాంభవి ఆ లైను రెండుసార్లు చదివింది. తర్వాత ఫారం తెరిచి మొదటి క్లాసుకు టిక్కు పెట్టింది. పంపేసింది కూడా. అప్పుడొచ్చింది ఏడుపు.

"రెండేళ్లు చదివిందంతా నీళ్లపాలేనా సార్?"

జిలానీ సారు స్టూలు మీది కాగితం తీసుకుని, ఏడో లెక్క చుట్టూ ఉన్న కొట్టివేతలన్నీ ఒక్కొక్కటే చూశారు.

"ఇన్నాళ్లూ నాకు జవాబులే చూపించినావమ్మా. ప్రశ్న తెచ్చింది ఈ రోజే."