పోగొట్టుకోవడానికి లేని పరువు

పూర్వం ఒక ఊళ్లో భుజంగరాయుడనే గ్రామాధికారి ఉండేవాడు. బుట్టలల్లే గురవమ్మ సంతలో తనను దొంగ అన్నదని అతను నిండు సభలో ధర్మాధికారికి ఫిర్యాదు చేశాడు.

"దీని మాటతో నా పరువు గంగలో కలిసింది. దీన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి!" అన్నాడు మీసం దువ్వుతూ.

"నిజంగా అన్నావా?" అని ధర్మాధికారి గురవమ్మను అడిగాడు.

"అన్నానయ్యా. నాకున్న కాస్త భూమిని తన పొలంలో కలిపేసుకుంటే ఇంకేమనను? అయినా పరువంటూ ఉంటేనే కదా నా మాటతో పోయేది! నిన్నటిదాకా ఈయన్ని మంచివాడనుకున్నామని ఈ సభలో ఒక్కరు ప్రమాణం చేసి చెప్పమనండి. నేనే ఊరు వదిలి పోతాను."

భుజంగరాయుడి సొంత బావమరిది పైకప్పు వాసాలు లెక్కపెట్టసాగాడు. పురోహితుడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. భుజంగరాయుడు ఉక్రోషంతో, ఇరవై ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న నాగన్న మీద అరిచాడు.

"నువ్వు చెప్పరా!"

నాగన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నిసార్లయినా చెబుతాను దొరా. ప్రమాణం మాత్రం చేయించకండి, పిల్లలు గలవాణ్ని."

సభ గొల్లుమంది. ధర్మాధికారి ఫిర్యాదు కొట్టేసి, గురవమ్మ భూమి కొలవడానికి అప్పుడే మనుషుల్ని పంపాడు.