గోరింక మోసుకెళ్ళిన దగ్గు

అనగనగా ఒక అడవి. ఆ అడవికంతటికీ ఒక్కడే వైద్యుడు. అతనొక ముసలి ఎలుగుబంటి, పేరు బొంతయ్య. మూడు గుట్టలు ఎక్కి దిగి, రెండు వాగులు దాటితే అతని గుహ వస్తుంది.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఒంట్లో బాగుండకపోతే బొంతయ్య దగ్గరకు నడిచి వెళ్ళాలి. మందుతో తగ్గిపోతే, మూడో రోజున మళ్ళీ నడిచి వెళ్ళి "తగ్గింది తాతా" అని చెప్పి రావాలి. చెప్పకపోతే జబ్బు తిరగబెడుతుందని అందరి నమ్మకం.

అందుకని జబ్బున్నవాళ్ళూ వెళ్ళేవాళ్ళు, తగ్గినవాళ్ళూ వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు తోడుగా మరో నలుగురు వెళ్ళేవాళ్ళు. అన్ని కాళ్ళు పడి ఆ దారి ఏరంత వెడల్పయింది. గడ్డి పోయింది. వాగుల్లో నీళ్ళు ఎప్పుడు చూసినా బురదే. దగ్గుకు మందైన అడ్డసరం మొక్కలు ఒకప్పుడు ఆ దారి పొడుగునా పెరిగేవి. అవీ కాళ్ళ కింద నలిగి పోయాయి. ఇక మిగిలింది దుమ్ము.

ఆ అడవిలోనే సింగారి అనే దుప్పి ఉండేది. దానికి ఒక్కతే పిల్ల, పొన్నారి. సింగారి పుట్టిన మంద ఎక్కడో గుట్టల అవతల ఉంది. ఇక్కడ అమ్మ లేదు, అక్క లేదు. పిల్ల తుమ్మితే అది ఉత్త తుమ్మో, జబ్బో చెప్పే పెద్దదిక్కు లేదు.

ఒకసారి పొన్నారికి దగ్గు పట్టుకుంది. సింగారి పిల్లను నడిపించుకుని వెళ్ళింది. బొంతయ్య రెండు ఆకులు ఇచ్చాడు. వాళ్ళుండే పొద దగ్గర రెండు రోజులుండేసరికి దగ్గు తగ్గింది. పద్ధతి ప్రకారం మూడో రోజున వెళ్ళి, తగ్గిందని చెప్పి వచ్చారు. వస్తూ ఉండగానే దగ్గు మళ్ళీ మొదలైంది. మర్నాడు మళ్ళీ బయల్దేరారు. ఈసారి పొన్నారి సగం దారిలోనే కూలబడింది.

"అమ్మా, నా కాళ్ళు రావట్లేదు."

సింగారి పిల్లను మెల్లగా వెనక్కి తీసుకొచ్చింది.

తెల్లవారగానే పక్క పొదలోంచి అడవిపంది బురదమ్మ తల బయటపెట్టింది.

"ఏమే సింగారీ, ఇంకా బయల్దేరలేదా? ఎండెక్కితే పిల్ల ఏం నడుస్తుంది?"

"నడవలేకపోతోంది అక్కా. నిన్న సగంలో పడిపోయింది."

"నా పిల్లలు ఆరుగురినీ నేను నడిపించలేదూ? తల్లివయ్యాక ఓపిక లేదంటే ఎలాగే?"

ఆ మాట సింగారికి ముల్లులా గుచ్చుకుంది.

పై కొమ్మ మీద గోరింక ఒకటి ఇదంతా వింటోంది. "సింగారక్కా, నేను ఎగిరి వెళ్ళి అడిగి రానా?" అంది.

"చోద్యం!" అంది బురదమ్మ. "దగ్గేమో ఇక్కడా, వైద్యుడేమో అక్కడా? వినకుండా ఏం చెబుతాడు?"

"పొన్నారీ, ఒక్కసారి దగ్గమ్మా," అంది గోరింక.

పొన్నారి దగ్గింది. గోరింక మెడ వంచి విని, అచ్చం అలాగే దగ్గింది. చివర్లో గొంతులో వచ్చే గరగరతో సహా. సింగారి "అయ్యో తల్లీ" అంటూ పిల్ల వైపు తిరిగింది. బురదమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

సింగారికి రెండు వైపులా భయమే. తీసుకెళ్ళకపోతే ఏమవుతుందో! తీసుకెళ్తే దారిలో ఏమవుతుందో! పిల్ల ముక్కుకు అంటిన ఎర్ర దుమ్ము వైపు చూసింది.

"వెళ్ళి రామ్మా," అంది చివరికి. "ఒక్క మాట కలపకు. ఒక్క మాట వదలకు."

ఎండ ముదరకముందే గోరింక తిరిగొచ్చింది. "తాత మూడు సంగతులు అడిగాడు. మొదటిది, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య గుంట పడుతోందా?"

సింగారి పది ఊపిరులు చూసింది. నమ్మకం కుదరక మరో పది చూసింది. "లేదు."

"పాలు తాగుతోందా?"

"తాగుతోంది. నిన్నటికంటే రెండు గుక్కలు తక్కువ. అదీ చెప్పు."

"దగ్గు ఎక్కడ ఎక్కువ? పొద దగ్గరా, దారిలోనా?"

"దారిలోనే," అంది సింగారి చిన్నగా. "నేను నడిపించినప్పుడల్లా పెరిగింది."

గోరింక మళ్ళీ ఎగిరింది. బొంతయ్య మాట పట్టుకొచ్చింది.

"అది దుమ్ము దగ్గు. పిల్లను తీసుకురావద్దు. నీడలో, తేమ నేల మీద ఉంచు. రోజూ రెండు అడ్డసరం ఆకులు నమిలించు. పొద్దున్నే గోరింక చేత దగ్గు నాకు వినిపించు. పక్కటెముకల దగ్గర గుంట పడితే మాత్రం ఆగొద్దు. కబురు పెట్టు, నేనే ఎదురొస్తాను."

సింగారి అడ్డసరం కోసం దారంతా వెతికింది. కాళ్ళు పడని ఒక బండ సందులో ఒక్క మొక్క దొరికింది. రోజుకు రెండంటే రెండు ఆకులే తుంచుకుంది.

మొదటి రోజు గోరింక మోసుకెళ్ళిన దగ్గు పెద్దది. రెండో రోజు చిన్నది. మూడో రోజు గోరింక బొంతయ్య ముందు వాలి, ముక్కు తెరిచి ఊరుకుంది.

"ఏదీ దగ్గు?" అన్నాడు బొంతయ్య.

"ఇవాళ ఇంతే తాతా."

బొంతయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. "తగ్గిందని చెప్పడానికి ఇంక ఎవరినీ నడిచి రావద్దను. నువ్వు చెబితే చాలు," అన్నాడు.

ఆ తర్వాత అందరూ ముందు గోరింకతో కబురు పంపడం మొదలుపెట్టారు. ఒకరోజు బురదమ్మ పిల్లకు గిట్టలో ముల్లు విరిగింది. బురదమ్మ కూడా కబురు పెట్టింది. "ముల్లు మాటలతో రాదు, వెంటనే తీసుకురా," అన్నాడు బొంతయ్య. దారిలో గుంపు లేదు, దుమ్ము లేదు. మధ్యాహ్నానికే ముల్లు తీయించుకుని వచ్చేసింది.

"దారి ఎంత చల్లగా ఉందే సింగారీ!" అంది. ఓపిక సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వానలు పడ్డాయి. తొక్కేవాళ్ళు లేక వాగుల్లో నీళ్ళు తేరి, అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఒక పొద్దున సింగారీ పొన్నారీ మేతకు ఆ దారినే వెళ్ళారు. బండ దాటగానే పొన్నారి ఒక కాలు పైకెత్తి అలాగే ఆగిపోయింది.

"అమ్మా, కాలు ఎక్కడ పెట్టను?"

నేలంతా అడ్డసరం మొలకలు.

"పక్కనుంచి రా తల్లీ," అంది సింగారి.

నీతి: కబురుతో కుదిరే వైద్యానికి జబ్బుపడ్డవాళ్ళను నడిపించనక్కర్లేదు, చేత్తో చేయాల్సిన వైద్యానికి ఆలస్యం చేయకూడదు. మానుకున్న ప్రతి ప్రయాణమూ నేలకు మేలే.