గంట అందనివాళ్ల అడుగులు

ఎలుగయ్య డాక్టరు చెయ్యి మంచిదని నల్లకొండ అడవంతా చెప్పుకునేది. చెప్పుకోదా మరి! విరిగిన కాలు కట్టినా, చీము తీసినా, ఆయన చెయ్యి పడిందంటే సగం నొప్పి అక్కడే పోయేది. ఆసుపత్రి జలపాతం పక్క గుహలో. ఆ నీళ్ల హోరులో బయట ఎవరు అరిచినా లోపలికి వినపడదు గనక, వాకిట్లో మద్దిచెట్టుకు ఓ గంట కట్టారు. కట్టింది కాంపౌండరు చలమయ్య. గుంటనక్క. గంట కొట్టినవాళ్లకే లోపలికి పిలుపు, ఎవరి గంట వాళ్లే కొట్టుకోవాలి అని రూలు పెట్టింది కూడా అతగాడే.

ఆ గంట ఏనుగు తొండానికి అందుతుంది, అడవిదున్న కొమ్ముకు అందుతుంది, చిరుత ఎగిరితే అందుతుంది. ఉత్త చేతులతో రాకుండా చలమయ్యకు నోరు తీపి చేసేదీ వాళ్లే.

ఓ రోజు పొద్దున ఏదుపంది నాంచారి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడి వెనక్కాల్లో ముల్లు దిగి వాచిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. కాలు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చి గంట కింద కూలబడ్డాడు.

"ఒళ్లంతా ముళ్లున్న జాతికి ముల్లు గుచ్చుకోవడమేంటమ్మా!" చలమయ్య పకపకా నవ్వాడు.

"నవ్వులాట కాదయ్యా. చీము పైకి పాకుతోంది. ఇవాళ తియ్యకపోతే పిల్లాడు నాకు దక్కడు. నీకు పుణ్యముంటుంది, ఆ గంట నువ్వు కొట్టు."

"అమ్మమ్మా! అది పక్షపాతం కాదూ? అందరికీ ఒకటే గంట, ఒకటే రూలు."

నాంచారి నిక్కింది, ఎగిరింది, గంట కదులుతుందేమోనని చెట్టుని ఒంటితో కుదిపింది. లాభం లేకపోయింది. పిల్లాణ్ణి పొదచాటున పడుకోబెట్టి ఏడుస్తుంటే, కన్ను వాచిన కుందేలు దగ్గరికొచ్చాడు.

"సాయంత్రం డాక్టరుగారు నీళ్లకి బయటికొస్తారు గదా, కాళ్లమీద పడతాను" అంది నాంచారి.

"నిన్న నేను పడ్డానక్కా. 'వీడొక్కడిదే గోల డాక్టరుగారూ, చిన్నజీవాలకి రోగాలెక్కడివి, గట్టి పిండాలు! లోపలికొచ్చిన ప్రతివాళ్లూ నయమయ్యే వెళ్తున్నారు' అన్నాడు నక్క. ఆయన నమ్మేశాడు. గంట కొట్టి రమ్మని, అందదని నేను చెప్పేలోపే లోపలికెళ్లిపోయాడు."

"నిజంగా నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్ణా! తాబేలూ, కప్పా, రెక్క విరిగిన కౌజుపిట్టా... రోజూ వస్తాం, రోజూ పోతాం."

నాంచారి కళ్లు తుడుచుకుని నేలవంక చూసింది. జలపాతం తుంపర పడి ఆ వాకిలి ఎప్పుడూ తడిగానే ఉండేది, ఎవరు నడిచినా అచ్చు పడేది. గంటదాకా వచ్చి వెనక్కి తిరిగిన బుల్లి బుల్లి అడుగులు, అబ్బో, ఎన్నని! మరివి డాక్టరుగారి కంట పడలేదేం? అప్పుడు వెలిగింది. ఆయన బయటికొచ్చే ముందు చలమయ్య రోజూ తోకతో వాకిలి ఊడుస్తాడు. శుభ్రతంటే చలమయ్యదేనని అందరూ మెచ్చుకుంటారు కూడానూ.

"నీ శుభ్రత తగలెయ్య!" అని పళ్లు నూరింది నాంచారి.

పొద్దు వాలుతుండగా ఏడుపు దిగమింగుకుని, లేని నవ్వు తెచ్చిపెట్టుకుని నక్క దగ్గరికెళ్లింది.

"అడక్కూడదుగానీ కాంపౌండరుగారూ, బంగారంలాంటి తోకని చీపురు చేసుకున్నారేంటండీ? ఎట్లాంటి తోక ఎట్లా అయిపోయింది!"

"ఏమైందీ?" చలమయ్య తోక ముందుకు లాక్కున్నాడు.

"నేను చెప్పడమెందుకు, మడుగులో చూసుకోండి."

పరుగున వెళ్లి చూసుకున్నాడు. తోకంతా బురద అట్టలు కట్టింది. గబగబా తోక కడిగి, దువ్వి, బండమీద ఆరబెట్టుకుని కూర్చున్నాడు. కడిగిన తోకని మళ్లీ బురదలో పెట్టబుద్ధి కాలేదు. ఒక్కపూట ఊడవకపోతే కొంపలేం మునుగుతాయిలే అనుకున్నాడు.

మునిగింది. ఎలుగయ్య గుహలోంచి వచ్చి వాకిట్లో ఆగిపోయాడు.

"చలమయ్యా, ఈ అడుగులెవరివి?"

"అబ్బే, పిల్లకాయలండీ. ఆడుకోవడానికి వచ్చుంటారు."

"ఆడుకునేవాళ్లు కాలీడ్చుకుంటూ వస్తారా? ఇదిగో, ఇక్కడ రెక్క నేలకి రాసుకుంది. పెద్ద గిట్టలన్నీ లోపలికెళ్లాయి. బుల్లి పాదం ఒక్కటంటే ఒక్కటి గంట దాటలేదేం?" ఎలుగయ్య తలెత్తి గంట చూశాడు. మొహం మాడిపోయింది. "అయ్యో, వీళ్లకి రోగాల్లేవనుకుని మురిసిపోయానే! రూలు రాసింది నువ్వే అయినా, చూడంది నేను గదరా!"

కాలీడ్చిన గీత వెంబడే వంగి వంగి నడిచి పొదదాకా వెళ్లాడు. అక్కడ పిల్లాడు మూలుగుతున్నాడు. నాంచారి నోరు తెరిచేలోపే వాణ్ణి ఎత్తుకుని గుహలోకి పరుగెత్తాడు.

ముల్లు వచ్చింది, చీమూ వచ్చింది. కాసేపటికి పిల్లాడు కళ్లు తెరిచి "అమ్మా, ఆకలి" అన్నాడు. నాంచారికి ప్రాణం లేచొచ్చింది. బయట కుందేలూ వాళ్లూ చేసిన సందడికి జలపాతం హోరు కూడా వినపడలేదు.

గంటకు నేలదాకా తీగ కట్టించారు. చలమయ్యచేతే కట్టించారు. ఇప్పుడు వాకిలి డాక్టరు చూశాకే ఊడుస్తారు. ఏ జాతి వచ్చింది, ఏది తిరిగెళ్లింది అని ఆయన రోజూ వంగి చూస్తాడు. కప్ప అడుగు కొన్నాళ్లు కనపడకపోతే తనే సంచీ వేసుకుని చెరువుకి వెళ్లొస్తాడు. ఊడవడానికి అసలు చీపురొకటి కొన్నారు గనక చలమయ్య తోక మాత్రం మహా నిగనిగలాడుతోంది. ఆ చీపురు పట్టేదీ అతనే అనుకోండి.

లోపలికొచ్చి నయమైనవాళ్లను చూసి మురిసిపోయే ముందు, గుమ్మం దగ్గర్నుంచే తిరిగెళ్లినవాళ్లెవరో చూసుకోవాలి.